తుపాకికి అప్పగింతలు

మన ఆయుధాల చట్టానికి మనసు లేదు. చిత్తూరు జిల్లాలో తాతగారి తుపాకి ఉన్న ఏ ఇంటికి వెళ్లినా కాఫీ కంటే ముందు ఈ మాటే వస్తుంది. 1959 నాటి చట్టంలో గొట్టం ఇరవై అంగుళాలకు తగ్గకూడదని ఉంది, పంట కాపలాకు మందు కూరే తుపాకి పెట్టుకోవచ్చని ఉంది. సెంటిమెంటు ఊసే లేదు. అది చాలదన్నట్టు 2019లో సవరణ తెచ్చి, మనిషికి మూడు తుపాకులున్నచోట రెండే అన్నారు. తాతలిచ్చినవైనా రెండే. పెళ్లి ఊరేగింపులో సంతోషం పట్టలేక ఎవరి ప్రాణం మీదికైనా తెచ్చేలా పేలిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. సంతోషానికి కూడా సెక్షను!

మా బంధువుల్లో ఒక పెద్దాయన ఉన్నాడు. పేరెందుకులెండి, మామ అందాం. పలమనేరు వైపు పల్లె నుంచి వచ్చి చిత్తూరు టౌనులో డూప్లెక్సు కట్టుకున్నాడు. హాల్లో టీవీ పైన జోడు గొట్టాల ట్వెల్వ్ బోర్ తుపాకి ఉంటుంది. మడమ దగ్గర కొయ్య మూడు తరాల చెమటకి నల్లబడింది. ఏటా ఆయుధపూజకి పూసిన పసుపు కుంకుమలు గొట్టం మీది ఇంగ్లీషు అక్షరాల్లో గడ్డకట్టి, బర్మింగ్‌హామ్ అన్న పేరులో చివరి రెండక్షరాలే మిగిలాయి. ట్రిగ్గర్‌కి బంతిపూలు కట్టి, కింద నిమ్మకాయ కోసి పెడతారు.

"పాళెగాళ్ల రక్తం కదబ్బా మాది" అంటాడు మామ. చిత్తూరు పాళెగాళ్లు 1804లో కుంపెనీ మీద తిరగబడిన మాట నిజమే. అయితే 1878లో వైస్రాయి లిట్టన్ దొర ఆయుధాల చట్టం తెచ్చాక, తెల్లవాళ్లకు మినహాయింపు ఇచ్చి మనవాళ్లకు లైసెన్సు పెట్టాడు. వీడివల్ల మనకేం ఇబ్బంది లేదని దొరలకు నమ్మకం కుదిరినవాడికే ఆ కాగితం దక్కేది. తాతగారికి దక్కింది. తిరుగుబాటు రక్తానికి రుజువుగా ఆ కాగితాన్నే మామ లామినేషన్ చేయించి పెట్టుకున్నాడు.

ఇక ఎన్నికలొస్తే ఆ ఇంట్లో జరిగేది చూడాలి. 2024 మార్చి 16న కోడ్ వచ్చింది. లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో డిపాజిట్ చేయమన్నారు. ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు కూడా మామ అంత ఏడవలేదు. అత్త బీరువాలోంచి కొత్త పంచె తీసి చుట్టింది. కారు ముందు సీట్లో దాన్ని పడుకోబెట్టి, బెల్టు పెట్టి, మమ్మల్ని వెనక కూర్చోమన్నారు. స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ అట్టముక్క మీద నంబరు రాసి పురికొసతో కడుతుంటే మామ గొంతు పూడుకుపోయింది.

"గోడకి ఆనించొద్దు సార్, చెమ్మ ఎక్కుతుంది."

"సరే సార్."

"నూనె నేనే తెచ్చినాను, వారానికోసారి..."

"సరే సార్."

"పక్కన పెట్టేది ఎవరి తుపాకి?"

హెడ్ కానిస్టేబుల్ తలెత్తి చూశాడు. మామ అడిగింది కులం. నేరుగా అడగడానికి మొహమాటపడ్డాడు, అంతే.

మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు. అందాకా మామకి అన్నం సయించలేదు. తోతాపురి కాయలు పట్టుకుని మధ్యమధ్య స్టేషన్‌కి వెళ్లి చూసొచ్చేవాడు. చివరికి ఇంటికి తెచ్చినరోజు అత్త హారతిచ్చి, "చిక్కిపోయినట్టుంది" అంది. ఇనుము చిక్కదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఇంత ప్రేమగల కుటుంబం కదా, తాతల నాటివి ఇంకేం దాచుకున్నారని మీకు అనుమానం రావచ్చు. అవ్వ రుబ్బురోలు ఇల్లు మారేటప్పుడు బరువని పల్లెలోనే వదిలేశారు. తాత తవ్వించిన బావిని పూడ్చి ప్లాట్లు వేశారు. మామిడితోట కూడా అమ్మేశారు. లైసెన్సు రెన్యువల్‌లో మాత్రం కారణం పంట రక్షణే! ఆడపిల్లకు సమాన వాటా అని మన రాష్ట్రం 1985 నుంచే వర్తించేలా చట్టం చేసింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. మామ చెల్లెలు వాటా అడిగితే ఆయనకి ఆ చట్టాలేవీ గుర్తు రాలేదు. 2016 ఆయుధాల నియమాలు మాత్రం కంఠతా వచ్చు. యజమానికి డెబ్బై ఏళ్లు నిండినా, తుపాకి చేతిలోకి వచ్చి పాతికేళ్లయినా వారసుల పేరు మీదికి లైసెన్సు అడగొచ్చట. కూతురు కూడా వారసురాలే కదా మామా అంటే, "ఆడపిల్లకి తుపాకేందబ్బా!" అన్నాడు.

ఇవన్నీ నవ్వుకుని వదిలేసేవాణ్ని. కానీ ప్రతి పండక్కీ ఒక మాట అంటాడు: "మా తాత ఇది భుజానేసుకుని వీధిలోకొస్తే ఎదురొచ్చే మగోడు లేడు." హాల్లో అందరూ మురిసిపోతారు.

ఎదురు రానిది ఎవరు మామా? వాళ్లకు పేర్లున్నాయా? చెప్పులు చేతబట్టుకుని కంచె పక్కకు ఒదిగినవాళ్లు, రావలసిన కూలి అడగడానికి నోరు రానివాళ్లు, ఆ బూట్ల చప్పుడు వినబడితే ఏడ్చే బిడ్డ నోరు నొక్కిన తల్లులు. మీరు సెంటిమెంటు అంటున్నది వాళ్ల భయాన్ని. ఆ భయం తలచుకుంటే మీకు ఇప్పటికీ హాయిగా ఉంది, అందుకే దానికి బంతిపూలు కడుతున్నారు. వాళ్ల మనవళ్లూ ఈ ఊళ్లోనే ఉన్నారు, మీ ఇంటికి పెయింట్లు వేసింది వాళ్లే. ఆ టీవీ గోడకి రంగేస్తూ తలెత్తి చూసినవాడికి తన తాత గుర్తొచ్చాడేమో మీరెప్పుడైనా అడిగారా? సిగ్గుండాలి.

ఆయుధాల చట్టంలో 21వ సెక్షన్ ఒకటుంది. లైసెన్సు చెల్లకుండా పోయి డిపాజిట్ చేసిన తుపాకిని గడువులోగా తీసుకెళ్లకపోతే జిల్లా మేజిస్ట్రేటు దాన్ని ప్రభుత్వపరం చేయవచ్చు. చట్టమంతా నోటికొచ్చిన మామ ఈ ఒక్క సెక్షన్ గురించి ఇంతవరకూ ఎత్తలేదు.