షావుకారు జానకి గారిని మనం సగం కూడా చూడలేదు

షావుకారు జానకి గారి గురించి తెలుగులో ఎవరు ఏం రాసినా మూడు ముక్కలే కనిపిస్తాయి. ‘షావుకారు’లో ఎన్టీఆర్ పక్కన హీరోయిన్, కృష్ణకుమారి గారి అక్క, ఏడుపు పాత్రలు బాగా వేస్తారు. అక్కడితో సరి. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. రేడియోలో మొదలై, సినిమాకి వెళ్ళి, నాటకాలాడి, సొంతంగా సినిమా తీసి, నాలుగు భాషల్లో దశాబ్దాల తరబడి పని చేసిన మనిషి ఆవిడ. అంత పనిని మూడు ముక్కల్లో ముగించడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. కాస్త పొడుగైనా సరే, ఈ మాటలు రాయాల్సిందే అనుకున్నాను.

ముందు గొంతు గురించి చెప్పాలి. ఎందుకంటే ఆవిడని సినిమావాళ్ళు మొదట చూడలేదు, విన్నారు.

1931 డిసెంబరు 12న రాజమండ్రిలో పుట్టారు. నాన్నగారు టేకుమళ్ళ వెంకోజీరావు గారు కాగితం పరిశ్రమలో నిపుణులు, ఉద్యోగం కోసం దేశమంతా తిరిగిన మనిషి. చెల్లెలు కృష్ణకుమారి గారు పుట్టింది బెంగాల్లోని నైహతిలో. అలా ఊళ్ళు మారుతూ చివరికి మద్రాసు చేరిన ఇంట్లోంచి చిన్న వయసులోనే ఆలిండియా రేడియోలో తెలుగు నాటకాలకు గొంతు ఇవ్వడం మొదలుపెట్టారు జానకి గారు. మద్రాసు కేంద్రం మొదలైంది 1938లో. విజయవాడ కేంద్రం వచ్చింది 1948 డిసెంబరులో. ఆ పదేళ్ళూ మనవాళ్ళలో ఎక్కువమందికి రేడియోలో తెలుగు మాట వినాలంటే మద్రాసే దిక్కు.

అప్పటి రేడియో నాటకం అంటే ఏమిటో ఇప్పుడు ఊహించుకోవడం కష్టం. రికార్డు చేసి, తప్పులు దిద్ది వేసే వీలు లేదు. మైకు ముందు నిలబడి చదివింది చదివినట్టు గాల్లోకి వెళ్ళిపోయేది. చేతిలో కాగితం తిప్పితే ఆ చప్పుడు కూడా వినపడుతుంది. ముఖం లేదు, చెయ్యి ఆడించి కప్పిపుచ్చుకోవడం లేదు. కోపమైనా, దిగులైనా, అబద్ధం చెబుతున్నానన్న బెరుకైనా అంతా ఊపిరిలోనూ విరుపులోనూ చూపించాలి. పదిహేనేళ్ళు కూడా సరిగా నిండని పిల్ల అక్కడ తయారైంది. ఆవిడ సినిమాల్లో డైలాగు చెప్పే పద్ధతి చూడండి, ఒక్క మాటా మింగరు. గొంతు పెంచకుండానే కోపం తెలుస్తుంది. కొంచెం బరువైన గొంతు, అప్పటి హీరోయిన్ల సన్నటి తియ్యటి గొంతుకు పూర్తిగా వేరు. నాకైతే కళ్ళు మూసుకుని విన్నా జానకి గారు ఎవరో తెలిసిపోతుంది. ఇలా చెప్పగలిగే నటీమణులు మనకు ఎంతమంది ఉన్నారు? భానుమతి గారు, సావిత్రి గారు, ఇంకో ఇద్దరు ముగ్గురు.

రేడియోలో ఆ గొంతు విని సినిమా దర్శకుడు బి.ఎన్.రెడ్డి గారు సినిమాల్లో నటిస్తావా అని అడిగారు. ఇంట్లో ఒప్పుకోలేదు సరికదా, గబగబా పెళ్ళి చేసేశారు. ఆ రోజుల్లో మంచి ఇళ్ళల్లో ఆడపిల్ల సినిమా అంటే చేసే వైద్యం అదే. తర్వాత కొంతకాలానికి చంకలో పసిబిడ్డ, ఇల్లు గడవని పరిస్థితి. అప్పుడు ఆవిడే బి.ఎన్.రెడ్డి గారి దగ్గరికి వెళ్ళి, అప్పుడు అడిగారు కదా, ఇప్పుడు చేస్తాను, అవకాశం ఇప్పించండి అన్నారు. ఇది ఆవిడే ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పిన సంగతి. ఆయన తన తమ్ముడు నాగిరెడ్డి గారు చక్రపాణి గారితో కలిసి పెట్టిన కొత్త సంస్థకు పంపారు. అదే విజయా ప్రొడక్షన్స్, మొదటి సినిమా ‘షావుకారు’, ఎల్వీ ప్రసాద్ గారి దర్శకత్వం, 1950.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. హీరోయిన్‌గా మొదటి సినిమా చేసేటప్పటికే ఆవిడ ఒక బిడ్డకు తల్లి. ఇప్పుడు పెళ్ళయితే హీరోయిన్ మార్కెట్ పోతుందని ఇంకా చర్చలు పెట్టే మన టీవీ ఛానళ్ళకు ఇది గుర్తుండదు. 1950లో, ఇంటిని పోషించడానికి, ఇంట్లో వద్దన్న పనిలోకే తిరిగి వెళ్ళి అడిగి తెచ్చుకున్న పాత్ర అది. సుబ్బులు పాత్రలో ఎక్కడా కొత్తదనం వల్ల వచ్చే తడబాటు ఉండదు. గోవిందరాజుల సుబ్బారావు గారు, ఎస్.వి.రంగారావు గారు లాంటి ఉద్దండుల మధ్య నిలబడి, పల్లెటూరి అమ్మాయి మాటను అంత మామూలుగా మాట్లాడటం రేడియో ఇచ్చిన ధైర్యమే అని నా నమ్మకం.

సినిమా అప్పట్లో పెద్దగా ఆడలేదు కానీ పేరు మాత్రం ఆవిడకి ఇంటిపేరుగా అతుక్కుపోయింది. ఐదేళ్ళ తర్వాత, 1955లో, ‘రోజులు మారాయి’లో నాగేశ్వరరావు గారి పక్కన, ‘కన్యాశుల్కం’లో బుచ్చమ్మగా. ‘కన్యాశుల్కం’ గురించి ఎవరైనా మాట్లాడితే సావిత్రి గారి మధురవాణి, ఎన్టీఆర్ గారి గిరీశం. న్యాయమే. కానీ బుచ్చమ్మ వేయడం ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచించండి. ఆ పిల్లకు లోకం తెలియదు, గిరీశం చెప్పిందల్లా నమ్ముతుంది, అయినా ప్రేక్షకుడికి తెలివితక్కువది అనిపించకూడదు, జాలి మాత్రమే మిగిలితే కూడా పాత్ర చచ్చిపోతుంది. జానకి గారు దాన్ని గొంతులో అమాయకత్వం పెట్టి, కళ్ళల్లో ఆశ పెట్టి నెట్టుకొచ్చారు.

అంత చేసినా తెలుగులో ఆవిడకు దొరికినవి ఎక్కువగా ఓర్చుకునే ఆడవాళ్ళు. సహనం, కన్నీళ్ళు, చివర్లో క్షమించడం. బాగా చేశారు, కాదనను. కానీ ఒక నటి ఒక పని బాగా చేసిందని ఆ పని తప్ప ఇంకోటి ఇవ్వకపోవడం మన పరిశ్రమకు పాత జబ్బు.

తమిళంలోనూ మొదట అదే జరిగింది, కానీ అక్కడ మార్చే అవకాశాలు వచ్చాయి. 1964లో ‘పుదియ పరవై’. శివాజీ గణేశన్ గారి భార్యగా, క్లబ్బులో పాడే గాయనిగా వేశారు. ‘పార్త ఞాబగం ఇల్లైయో’ పాట సుశీల గారి గొంతు. తెర మీద ఆ నడక, ఆ చూపు, ఆ కొంటెతనం చూస్తే మన బుచ్చమ్మ ఈవిడేనా అని నోరు తెరవాల్సిందే. ఏడుపు పాత్రల నటి అని ముద్ర వేసిన వాళ్ళు ముందు ఆ ఒక్క పాట చూడాలి.

తర్వాత తమిళ దర్శకుడు బాలచందర్ గారు. ఆయన అప్పటికి అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు నాటకాలు వేయించే మనిషి. ‘మేజర్ చంద్రకాంత్’, ‘ఎదిర్ నీచ్చల్’ అన్నీ ముందు నాటకాలే. జానకి గారు సినిమాల్లో పేరు వచ్చాక కూడా మద్రాసులో ఆ బృందంతో స్టేజీ ఎక్కారు. సినిమా తారకు నాటకం వల్ల డబ్బు రాదు, పైగా రిహార్సళ్ళకు రోజులు పోతాయి. రీటేక్ ఉండదు. అయినా వెళ్ళారంటే ఆవిడకు కావలసింది ఏమిటో అర్థమవుతుంది. రేడియోలో నేర్చుకున్న గొంతు, సినిమాలో నేర్చుకున్న ముఖం, రెండూ కలిపి ఎదురుగా కూర్చున్న జనం ముందు పెట్టడం. ఆ నాటకాల పరిచయం మీదే ‘బామా విజయం’, ‘ఎదిర్ నీచ్చల్’, ‘ఇరు కోడుగళ్’, ‘కావియ తలైవి’ వచ్చాయని నేను అనుకుంటాను. ఒక నటికీ ఒక దర్శకుడికీ అంత నమ్మకం ఊరికే కుదరదు.

‘ఇరు కోడుగళ్’ 1969 నాటిది. ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. కథ క్లుప్తంగా: రహస్యంగా పెళ్ళాడిన అమ్మాయిని వదిలేయాల్సి వచ్చి ఇంకో పెళ్ళి చేసుకుని, గుమాస్తాగా బతుకుతుంటాడు హీరో. అతను పని చేసే ఆఫీసుకు కలెక్టరుగా ఆ మొదటి భార్యే వస్తుంది. జెమినీ గణేశన్ గారు గుమాస్తా, జయంతి గారు రెండో భార్య, కలెక్టరు జానకి గారు. పాత్ర పేరు కూడా జానకే. ఈ కథని ఏడుపుతో నింపేయడం చాలా తేలిక. ఆవిడ మాత్రం అధికారిలాగే కూర్చుంటారు. ఫైలు అడిగే గొంతులో పాత ప్రేమ ఒక్క చుక్క కూడా బయటపడదు, కానీ ఆ మనిషి గదిలోంచి వెళ్ళాక ఊపిరి వదలడంలో అంతా తెలిసిపోతుంది. మద్రాసు రేడియో స్టూడియోలో నేర్చుకున్నది ఇదే.

ఇప్పుడు నా అసలు బాధ. ఆ సినిమా 1972లో తెలుగులోకి ‘కలెక్టర్ జానకి’గా వచ్చింది. కలెక్టరు ఎవరు? జమున గారు. జమున గారంటే నాకు ప్రాణం, ఆ పాత్రకు ఆవిడ తక్కువేమీ చేయలేదు. కానీ రాజమండ్రిలో పుట్టిన తెలుగు నటి మద్రాసులో ఆ పాత్రను నిలబెట్టి, జాతీయ అవార్డు సినిమాకి ప్రాణం పోస్తే, ఆ పాత్ర తెలుగుకు వచ్చినప్పుడు మనకు ఆవిడ కనిపించలేదు. మార్కెట్ లెక్కలు, ఇమేజ్ లెక్కలు ఉంటాయి, తెలుసు. అయినా ఫలితం ఒకటే. జానకి గారి జీవితంలోని అతి పెద్ద పాత్ర ఆవిడ సొంత భాషలో ఆవిడ గొంతుతో లేదు. సగటు తెలుగు ప్రేక్షకుడికి ఆవిడ కలెక్టరుగా ఎలా ఉన్నారో ఇవాళ్టికీ తెలియదు.

1970లో ఆవిడే నిర్మాతగా ‘కావియ తలైవి’ తీశారు. సుచిత్రా సేన్ గారి బెంగాలీ సినిమా ‘ఉత్తర ఫాల్గుణి’ ఆధారం. తల్లీ కూతుళ్ళుగా రెండు పాత్రలూ తనే. మంచి పాత్ర ఎవరో ఇస్తారని కూర్చోకుండా, తన డబ్బు పెట్టి తెచ్చుకున్నారు. అప్పటికి ఆవిడ వయసు ముప్ఫై ఎనిమిది. ఆ వయసు దాటితే నటీమణికి తల్లి పాత్రలు తప్ప మిగలవని ఇప్పటికీ అంటుంటాం.

ఇంకో పదకొండేళ్ళ తర్వాత ‘తిల్లు ముల్లు’, 1981. రజనీకాంత్ గారికి అబద్ధపు అమ్మగా. మనిషి యాభైకి దగ్గరలో ఉన్నారు, పాత్ర నాటకాల పిచ్చి ఉన్న పెద్దింటి ఆవిడ, ఉన్నట్టుండి ఒక కుర్రాడికి తల్లిగా నటించాల్సి వస్తుంది. నటిస్తున్న మనిషిని నటించడం. కామెడీలో ఆవిడ టైమింగ్ చూస్తే, ఇంతకాలం ఈవిడ చేత ఏడిపించింది ఎవర్రా బాబూ అని కోపం వస్తుంది.

2022లో తొంభై ఏళ్ళు దాటాక పద్మశ్రీ వచ్చింది. జాబితాలో ఆవిడ పేరు పక్కన రాష్ట్రం తమిళనాడు. మనవాళ్ళు కొంతమంది మా తెలుగావిడకి తమిళనాడు కోటానా అని నొచ్చుకున్నారు. నాకైతే అందులో తప్పేమీ కనిపించలేదు. ఆవిడ బతుకు, పని ఎక్కువగా అక్కడే సాగాయి, ఆవిడలోని నటిని పూర్తిగా వాడుకున్నది వాళ్ళే. మనం బాధపడాల్సింది ఆ రాష్ట్రం పేరు గురించి కాదు, ‘షావుకారు’ తర్వాత మనం ఏమిచ్చామా అని. ఆ మరుసటేడు ‘అన్నీ మంచి శకునములే’లో ఆవిడ తెర మీద కనిపిస్తే ఎంత సంతోషించానో చెప్పలేను.

ఇంకో సంగతి. సినిమాలు ఎక్కడో ఒక చోట దొరుకుతాయి. ‘ఇరు కోడుగళ్’ సబ్‌టైటిల్స్‌తో చూడొచ్చు, తమిళం రాకపోయినా గొంతు అర్థమవుతుంది. రేడియో నాటకాలు మాత్రం గాల్లో కలిసిపోయాయి, స్టేజీ నాటకాలు చూసినవాళ్ళ జ్ఞాపకంలో తప్ప లేవు. అరవైల్లో మద్రాసులో ఉద్యోగాలు చేసిన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. మీ ఇంట్లో ఆ కాలపు పెద్దవాళ్ళుంటే, ఆవిడ నాటకం చూశారా అని అడగండి. ఏ నాటకమో, ఏ హాల్లోనో, స్టేజీ మీద ఆ గొంతు చివరి వరస దాకా ఎలా వినిపించిందో చెప్పించి, ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టండి.