ఆర్నెసన్ పేరేదండీ?

‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ మీద మీ వ్యాసం బాగుంది గానీ, బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు ధరించి ఆడే ఆ ఆటను సృష్టించిన ఘనతంతా గ్యారీ గైగాక్స్ ఒక్కడికే కట్టబెట్టేశారు. 1974లో వచ్చిన మొదటి నియమ పుస్తకాల మీద డేవ్ ఆర్నెసన్ పేరూ ఉంది కదా! గైగాక్స్ దగ్గర అప్పటికున్నది ‘చైన్‌మెయిల్’ (1971), అంటే ప్రధానంగా బొమ్మల సైన్యాలతో ఆడే యుద్ధానికి నియమాలు. ఒక్కో ఆటగాడు ఒక్కో పాత్రలో దూరి, నేలమాళిగల్లో తిరుగుతూ, ఆటాటకీ బలం పెంచుకోవడం అమెరికాలోని మిన్నెసోటాలో ఆర్నెసన్ నడిపిన ‘బ్లాక్‌మూర్’ అనే ఆట నుంచి వచ్చింది. ఆర్నెసన్ నోట్సును అచ్చుకెక్కేలా మలిచి, వెయ్యి ఆట పెట్టెలు అమ్మకానికి తెచ్చింది గైగాక్స్ బృందమే, కాదనను. కానీ రాయల్టీల కోసం 1979లో ఆర్నెసన్ కోర్టుకెక్కాడు, 1981లో రాజీ కుదిరింది. ఆ ముక్కయినా రాయాల్సింది.