రాజు రాయని చట్టం

పొడిచే ఎద్దు ఒక మనిషిని చంపితే యజమానిని ఏం చేయాలి? క్రీ.పూ. 18వ శతాబ్దపు బాబిలోన్ రాజు హమ్మురాబి దీనికి తీర్పు రాయించాడు: ఎద్దు పొడుస్తుందని ముందే చెప్పినా కట్టడి చేయనివాడు అర మీనా (అప్పటి తూకపు కొలత) వెండి చెల్లించాలి. హెబ్రీ లేఖనాల్లో, అంటే బైబిలు పాత నిబంధనలో, ఒక గ్రంథమైన నిర్గమకాండము 21వ అధ్యాయం సరిగ్గా ఈ వ్యాజ్యాన్నే చేపట్టి, ఎద్దును రాళ్లతో కొట్టి చంపమంది. హెచ్చరికను పెడచెవిన పెట్టిన యజమానికీ మరణమే విధించి, పరిహారంతో ప్రాణం దక్కించుకునే దారి ఒకటి వదిలింది. చనిపోయింది బానిస అయితే మాత్రం 30 తులాల వెండితో యజమాని బయటపడతాడు. హెబ్రీ ధర్మశాస్త్రం మానవతకు తొలి పాఠమని ఉపన్యసించేవారు ఈ వాక్యం దగ్గర కాస్త ఆగాలి.

కాబట్టి కొత్తదనాన్ని శిక్షల పట్టికలో వెతకడం వృథా. అది చట్టం ఎవరి పేరిట వెలువడిందన్న దానిలో ఉంది. లూవ్ర్ మ్యూజియంలోని శిలపై హమ్మురాబి న్యాయదేవుడు షమాష్ ఎదుట నిలబడి ఉంటాడు. కింద చెక్కిన తీర్పులు మాత్రం తనవేనని చాటుకుంటాడు. హెబ్రీ లేఖనాల్లో రాజు దావీదు పేరిట గానీ, వివేకానికి మారుపేరైన రాజు సొలొమోను పేరిట గానీ ఒక్క శాసన సంపుటి లేదు. సీనాయి కొండ దగ్గర దేవుడు చెబుతాడు, మోషే చదివి వినిపిస్తాడు, ప్రజలు ‘చేస్తాం’ అంటారు. ఆ ఒప్పుకోలే నిబంధన, అంటే దేవుడితో ఒప్పందం.

ఈ ఒప్పంద రూపం ఎక్కడిదన్నది పండితుల మధ్య తెగని తగువు. కొందరు ప్రాచీన అనటోలియా (నేటి టర్కీ) నేలిన హిత్తీయ చక్రవర్తుల సంధిపత్రాలను చూపుతారు. మరో ధర్మశాస్త్ర గ్రంథమైన ద్వితీయోపదేశకాండము వరకు నాకు అస్సీరియా వాదమే బలంగా కనిపిస్తుంది. క్రీ.పూ. 672లో అస్సీరియా చక్రవర్తి ఎసర్హద్దోను తన వారసుడు అషుర్బనిపాలుకు విధేయులుగా ఉంటామని సామంతుల చేత ప్రమాణం చేయించాడు. వారసుణ్ని ప్రేమించాలి, కుట్ర చేసేది సొంత కొడుకైనా పట్టివ్వాలి, మాట తప్పితే నేల ఇనుమవుతుంది, ఆకాశం ఇత్తడవుతుంది. ద్వితీయోపదేశకాండము 13, 28 అధ్యాయాలు చదివినవారికి ఇవి పాత పరిచయాలే. యెరూషలేము రాజధానిగా ఉన్న హెబ్రీయుల యూదా అప్పట్లో అస్సీరియాకు కప్పం కట్టే రాజ్యం. చక్రవర్తికి చెల్లించాల్సిన విధేయతను ద్వితీయోపదేశకాండము రాసిన లేఖకులు దేవుడికి మళ్లించారు. అంతకన్నా పదునైన రాజకీయ ధిక్కారం ఆ కాలంలో ఊహించడం కష్టం.

దాని దెబ్బ సొంత రాజుకూ తగిలింది. అదే గ్రంథం 17వ అధ్యాయం ప్రకారం రాజు గుర్రాలను, భార్యలను, వెండి బంగారాలను విస్తారంగా కూడబెట్టకూడదు. ధర్మశాస్త్రపు ప్రతి దగ్గర పెట్టుకుని రోజూ చదవాలి. ఇవన్నీ కూడబెట్టిన సొలొమోనును తలచుకునే రాశారేమో!

ఆచరణ వేరే సంగతి. బాబిలోన్ సేనలు యెరూషలేమును ముట్టడించినప్పుడు యూదా రాజు సిద్కియా హెబ్రీ దాసులను విడిపిస్తామని నిబంధన చేయించాడు. సేనలు తాత్కాలికంగా తొలగగానే యజమానులు వారిని మళ్లీ లాక్కున్నారు. యిర్మీయా 34వ అధ్యాయంలో ప్రవక్త శపించాడే తప్ప, వారిని నిలదీసిన న్యాయస్థానం కనిపించదు.

నేటి ఇజ్రాయెల్ తీరంలోని మెసాద్ హషవ్యాహు కోటలో 1960లో దొరికిన, రాత ఉన్న కుండపెంకు దీన్నే బలపరుస్తుంది. క్రీ.పూ. 7వ శతాబ్దపు చివరి నాటి కోతకూలీ ఒకడు, పని పూర్తిచేసినా పర్యవేక్షకుడు తన వస్త్రం లాక్కున్నాడని అధికారికి మొరపెట్టుకున్నాడు. తాకట్టు పెట్టుకున్న వస్త్రాన్ని సూర్యాస్తమయంలోగా తిరిగివ్వాలని నిర్గమకాండము 22 చెబుతుంది. అతనిది తాకట్టు వ్యవహారం కాదు గానీ, ఆ నియమం తెలిసినవాడికి చక్కగా అక్కరకొచ్చే సందర్భమే. అతను దాని ఊసెత్తలేదు. తోటి కూలీల సాక్ష్యాన్ని, అధికారి దయను నమ్ముకున్నాడు.