సూపర్‌లెజ్జెరా నిలిచింది రూపం వల్లే కాదు
1950ల నాటి ఇటలీ ఫర్నిచర్‌కి ఇప్పటికీ ఇంత మోజు ఉండటానికి రూపమే కారణమన్న మాట సగమే నిజం; పనితనం, బాగుచేసుకుని వాడుకునే వీలు మిగతా సగం. ఇటలీ ఆర్కిటెక్ట్ జియో పోంటి రూపొందించిన సూపర్‌లెజ్జెరా కుర్చీనే చూడండి. 1957లో కస్సీనా అనే ఫర్నిచర్ కంపెనీ తెచ్చిన దీని బరువు 1.7 కిలోలే, ఒక్క వేలితో ఎత్తేయొచ్చు! ఇటలీలో లిగూరియా తీరంలోని కియావరి ఊరి తేలిక కుర్చీ దీనికి మూలం. యాష్ అనే చెట్టు కర్రతో చేసిన కాళ్లను పోంటి 18 మిల్లీమీటర్ల త్రికోణాకారానికి చెక్కించాడు. అంత సన్నటి కర్రలో అతుకులకు దొరికే పట్టు తక్కువ, అందుకే వెనక కాళ్ల మీద వాలి ఊగితే ముందుగా ఆ అతుకులే వదులవుతాయి. ఇక సీటుకున్న పేము అల్లిక కుంగిందని వెంటనే మార్చేయకండి. తడిగుడ్డతో అడుగు వైపు బాగా నానబెట్టి, ఎవరూ కూర్చోకుండా నీడన ఆరనిస్తే మళ్లీ బిగుస్తుంది. పైనుంచి తడిపితే లాభం లేదు, పేము పైపొర నున్నగా ఉండి నీరు పీల్చదు. పోగులు తెగితేనే కొత్త అల్లిక వేయించాలి.