నిశ్శబ్దం మీద మ్యూజిక్ పోయకండి సార్

శబ్దాన్ని మింగేసే సముద్ర రాక్షసి కథ ఎవరైనా చెప్పాలనుకుంటే ఆడియో డ్రామాగానే చెప్పాలి, సినిమా తీస్తే సగం చచ్చిపోతుందని నా గట్టి నమ్మకం. తెర మీద సౌండ్ ఆగినా బొమ్మ ఆడుతూనే ఉంటుంది, ఓడ కనబడుతుంది, హీరో నోరు కదుపుతుంటాడు, మనకి ధైర్యంగానే ఉంటుంది. చెవులతో మాత్రమే వినే కథలో సౌండ్ పోతే ఇంకేం మిగిలింది, ఓడ పోయింది, సముద్రం పోయింది, మనుషులూ పోయారు.

ఈ మధ్య ఇంగ్లీషులో అలాంటి సైన్స్ ఫిక్షన్ డ్రామా ఒకటి విన్నాను. చెన్నై వడపళనిలో డబ్బింగ్ ఎడిటింగ్ పని నాది, కాబట్టి చెవి ముందు పనితనం మీదకే పోతుంది. ఆ జీవి సరుకుల ఓడ దగ్గరికి వచ్చేసరికి ముందు ఇంజిన్ మోత పోతుంది, తర్వాత ఇనప డెక్ మీద బూట్ల చప్పుడు, ఆఖర్న గొంతులు. ఆ వరుస వినగానే చప్పట్లు కొట్టాలనిపించింది, ఎందుకంటే ఫిజిక్స్ ప్రకారం అది కరెక్ట్. మనం డెక్ మీద నిలబడి ఎంత అరిచినా గాల్లోంచి నీళ్లలోకి దిగేది వెయ్యో వంతు, మిగతాదంతా నీటి మీద తగిలి వెనక్కి పోతుంది. ఇంజిన్ అదురు మాత్రం ఓడ అడుగు నుంచి నేరుగా నీళ్లలోకి దిగిపోతుంది, అక్కణ్ణుంచి సెకనుకి పదిహేను వందల మీటర్ల స్పీడు, గాల్లో కంటే నాలుగు రెట్లు ఎక్కువ. అంటే కింద ఉన్నదానికి ముందు వినబడేది ఇంజినే, ముందు తినేదీ ఇంజినే. పైగా మామూలుగా మాట్లాడే మనిషి గొంతులోంచి వచ్చే పవర్ ఒక వాట్‌లో లక్షో వంతు దగ్గర్లో ఉంటుంది, దాంతో ఏ కడుపు నిండుతుంది, అందుకే ఆ జీవి ఆకలి తీరదు, ఎంత మింగినా ఇంకా కావాలి. రాసినవాళ్లు కూర్చుని ఆలోచించారు అనడానికి ఇంతకంటే ఏం కావాలి.

ఇక అసలు సీన్. మేము డైలాగుల మధ్య ఖాళీని ఎప్పుడూ ఉత్త ఖాళీగా వదలం, కింద రూమ్ టోన్ వేస్తాం, అంటే ఆ గదిలో ఎవరూ మాట్లాడనప్పుడు ఉండే సన్నటి హోరు. అది ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. ఆ డ్రామాలో హీరోయిన్ ఎవరినో పేరు పెట్టి పిలుస్తుంటే ఆ పేరు సగంలో తెగిపోతుంది, దాంతోపాటు ఆ రూమ్ టోన్ కూడా పీకేశారు. పూర్తి సున్నా. హెడ్‌ఫోన్స్ పోయాయేమో అని చెయ్యి చెవి మీదకి వెళ్లిపోయింది, అప్పుడర్థమైంది ఆ జీవి నా దాకా వచ్చేసిందని. ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను ఇంత భయపెట్టిన ఎడిట్ లేదు.

మరి మనవాళ్లు? ఒక యాప్‌లో తెలుగు హారర్ సిరీస్ విన్నాను, పాత్ర "అంతా నిశ్శబ్దంగా ఉంది" అంటుంటే వెనక కీబోర్డు, వయొలిన్లు, గుండె చప్పుడు, అన్నీ ఒకేసారి. ఇది పాయసంలో పులుసు కలిపినట్టే. రేడియోలో ఖాళీ వస్తే తప్పు, నిజమే, స్టేషన్లలో కొన్ని సెకన్లు సౌండ్ ఆగితే అలారం మోగే ఏర్పాటు కూడా ఉంటుంది, కానీ కథలో ఆ ఖాళీ కావాలనే పెట్టాం కదా, దానికెందుకు భయం. వినేవాడు పారిపోతాడనుకుంటున్నారు, పారిపోడు, చెవులు రిక్కిస్తాడు.

మనకి చేతకాదా అంటే ఒప్పుకోను. 1938లో మద్రాసు రేడియో స్టేషన్ మొదలైన దగ్గర్నుంచీ తెలుగు ప్రోగ్రాములు ఈ ఊరి నుంచి వెళ్లాయి, విజయవాడ కేంద్రం వచ్చింది 1948 డిసెంబర్లో. రేడియో నాటకంలో తలుపు కిర్రుమంటే ఇల్లు కట్టేసుకునేవాళ్లు మన పెద్దవాళ్లు మనసులో. ఇప్పుడు పరికరాలు వంద రెట్లు బాగున్నాయి, ఓపికే లేదు.

ఇంకోటి, ఇలాంటివి వినేటప్పుడు దయచేసి యాప్‌లో ఖాళీల్ని కత్తిరించే ఆప్షన్ ఆఫ్ చేయండి, స్పీడు పెంచకండి. కథలో రాక్షసి శబ్దాన్ని మింగితే మీ ఫోన్ ఆ నిశ్శబ్దాన్నే మింగేస్తుంది.

ఎవరైనా తెలుగులో ఇలాంటి కథ రాస్తుంటే ఇక్కడి కాశిమేడు చేపల హార్బర్ నుంచి బయల్దేరే డీజిల్ బోటు మీద పెట్టండి. తెల్లవారుజామున ఐసు పగలగొట్టే చప్పుడు, వేలం అరుపులు, తెలుగూ తమిళమూ కలిసిపోయిన కేకలు, ముందు ఇవన్నీ చెవి నిండా వినిపించండి, ఒక్కొక్కటీ తర్వాత తీసేయొచ్చు. రికార్డర్ నాది, రికార్డింగ్ కూడా డబ్బులు తీసుకోకుండా నేనే చేసిపెడతాను, స్క్రిప్టు ఉన్నవాళ్లు మెసేజ్ పెట్టండి.