కాలువలో మొలిచిన మొక్క కూడా లెక్కలోకే

గని పని అయిపోయాక, తవ్విన నేలను మళ్లీ బాగుచేశామని చెప్పే రిపోర్టుల్లో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: "డ్రైనేజీ వ్యవస్థ సంతృప్తికరంగా ఉంది." ఏ రిపోర్టు తీసినా అదే వాక్యం, కామా కూడా మారదు. దాని మీద నాకేం పగ లేదండీ, ఎవరికి సంతృప్తికరంగా ఉందో కూడా పక్కన రాస్తే బాగుండేది. నీళ్లను మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.

ఈ తనిఖీలు ఎప్పుడు జరుగుతాయో మీకు వేరే చెప్పాలా? ఎండాకాలంలో. వానల్లో దారంతా బురద, జీపు ఎక్కదు, ఫొటోలు సరిగ్గా రావు. అందుకని మండుటెండలో నలుగురు పెద్దలు గనిలోంచి తీసి పోసిన మట్టిగుట్ట ఎక్కుతారు, వెనక గొడుగు పట్టేవాడు ఒకడు, ఫైలు మోసేవాడు ఒకడు. గుట్ట మీది వాననీరు దిగడానికి తవ్విన కాలువలో చుక్క నీరు లేదు. అంటే పడిన నీరంతా సాఫీగా పోయినట్టే కదా, ఇంతకంటే రుజువేం కావాలి? ఇంతలో కొత్తగా చేరిన కుర్రాడు, పాపం ఇంకా పద్ధతులు తెలియనివాడు, "సార్, ఇంతకీ కాలువ ఎక్కడుంది?" అంటాడు. "నువ్వు నిలబడింది దాని మీదే." నిజమే, పూడిక అంచుల దాకా వచ్చేసింది, కాలు దిగడం లేదు. "అయితే గట్టిగానే ఉంది" అని ఫైల్లో రాసుకుంటారు. ఆ పూడిక మధ్యలో ఒక మొక్క ఏపుగా పెరిగి ఉంటుంది. గుట్టమీద నాటినవి సగం ఎండిపోయినా ఇది మాత్రం కళకళలాడుతోంది, ఎందుకు లాడదు, గుట్ట మీది మంచి మట్టంతా కొట్టుకొచ్చి దాని మొదట్లోనే చేరింది. నీళ్లకు అడ్డంగా నిలబడ్డ ఆ మొక్కను బతికిన మొక్కల శాతంలో వేసుకుని, దాని పక్కన నిలబడి ఫొటో దిగి, అందరూ కిందికి దిగుతారు.

సరే, మన తెలివైన గుట్టల నిర్మాణం సంగతి కూడా చూద్దాం. గనిలోంచి తీసి పోసిన ఓబీ, అంటే బొగ్గు కోసం పైనుంచి తొలగించిన మట్టీ రాళ్లూ, పోసిన రోజు ఉన్న ఎత్తులో ఎప్పటికీ ఉండదు. వదులుగా ఉబ్బి ఉంటుంది, ఏళ్ల తరబడి కుంగుతుంది, అదీ అంతటా ఒకేలా కుంగదు. మెట్లు మెట్లుగా చేసి, ప్రతి మెట్టు అంచునా లెవల్ చూసి గట్టు కట్టామంటారు. కట్టిన రోజు లెవలే. రెండు వానాకాలాలు పోయాక గట్టు ఒకచోట జానెడు దిగుతుంది, ఆ మెట్టు మీది నీళ్లన్నీ అక్కడికే చేరి గట్టు తెంపుకుని కింది మెట్టు మీద పడతాయి. అది తన నీళ్లకే చాలీచాలకుండా ఉంది, ఇప్పుడు పైవాడి నీళ్లు కూడా. అదీ తెగుతుంది, దాని కిందిదీ తెగుతుంది. పొద్దుటికి గుట్ట నడుమ మనిషి లోతు గండి. రిపోర్టులో దీన్ని "అసాధారణ వర్షపాతం" అంటారు. ప్రతి సంవత్సరం అసాధారణమే.

నీళ్ల వేగం రెండింతలైతే అవి దొర్లించగల రాయి బరువు 64 రెట్లు అవుతుందని పాత లెక్క ఒకటుంది. అందుకే సహజమైన కొండలు చాలావరకు కిందికి వచ్చేకొద్దీ వాలు తగ్గించుకుంటాయి, ఎందుకంటే పైనుంచి పోగైన నీళ్లన్నీ అడుగునే వస్తాయి కాబట్టి. మన గుట్టలకు మాత్రం స్కేలుతో గీసినట్టు పైనుంచి కింది దాకా ఒకే వాలు. డ్రాయింగులో ఎంత బాగుంటుందో!

గుట్టను చదును చేసే డోజర్ సంగతి ఇంకా ముచ్చట. వాలు మీద అది పైకీ కిందికీ నడిస్తే చైను పళ్ల గుర్తులు వాలుకు అడ్డంగా పడతాయి, ఒక్కో గుర్తులో కాసిన్ని నీళ్లు, నాలుగు విత్తనాలు ఆగుతాయి. అడ్డంగా నడిపితే అవే గుర్తులు కిందికి దిగే బుల్లి కాలువలవుతాయి, మొదటి వానకే గాడి మొదలు. పైసా ఖర్చు లేని విషయం ఇది. డ్రైవర్‌కు ఒక్క ముక్క చెప్పాలి, అంతే. ఆ ఒక్క ముక్కా ఎవరూ చెప్పరు.

ఇక రాళ్లు. కాలువ కోతపడకుండా రాళ్లు పరచమని ఉంటుంది. రాళ్ల మందానికి సరిపడా ముందు లోతుగా తవ్వాలి, కింద కంకరో ఫిల్టర్ బట్టో వేయాలి, ఆ తర్వాత రాళ్లు. అవన్నీ ఎందుకని టిప్పర్‌తో నేరుగా కాలువలో దింపేస్తారు. కాలువ కాస్తా రాళ్ల గుట్టవుతుంది, నీళ్లు దాని పక్కనుంచి కొత్త దారి తవ్వుకుంటాయి. రాళ్లు మాత్రం చెక్కుచెదరవు, బిల్లూ చెక్కుచెదరదు.

నవ్వుకోడానికి ఇదంతా బాగానే ఉంది. కానీ 1966 అక్టోబర్ 21న వేల్స్‌లోని అబెర్‌ఫాన్‌లో ఏం జరిగిందో గుర్తుంటే నవ్వు రాదు. బొగ్గుగని చెత్తను ఏళ్ల తరబడి కొండ మీది ఊటల పైనే పోశారు. ఆ ఊటలు మ్యాపుల్లో ఉన్నాయి. 1963లోనే స్థానిక ఇంజినీరు ప్రమాదముందని ఉత్తరం రాశాడు. ఆ పొద్దున గుట్ట జారి బడి మీద పడింది. 144 మంది చనిపోయారు, అందులో 116 మంది పిల్లలు. గని సంస్థ అధ్యక్షుడు ఆ ఊటల సంగతి ఎవరికీ తెలియదన్నాడు. ఊరి పిల్లలకు తెలుసు, వాళ్లు అక్కడే ఆడుకునేవాళ్లు! తప్పు సంస్థదేనని విచారణ తేల్చాక కూడా, మిగిలిన గుట్టలు తీసేయడానికి జనం ఇచ్చిన విరాళాల నిధిలోంచే 1,50,000 పౌండ్లు లాగేసుకున్నారు. అది తిరిగిచ్చింది 1997లో, అదీ వడ్డీ లేకుండా. సిగ్గు అనేది ఉంటే గుట్ట కింద నీళ్ల సంగతి చూడకుండా ఎవడూ "సంతృప్తికరం" అని సంతకం పెట్టకూడదు. పెడుతూనే ఉన్నారు.

అమెరికాలో 1977 నాటి ఉపరితల గనుల చట్టం చివరిసారి విత్తనం వేశాక కనీసం 5 ఏళ్లు, వాన తక్కువ పడేచోట 10 ఏళ్లు బాధ్యత గని యజమానిదే అంటుంది. చట్టంతోనే అన్నీ అయిపోతాయని కాదు గానీ, కనీసం ఆ ఏళ్లన్నీ అడగడానికి ఒక మనిషి ఉంటాడు. ఎక్కడ చూసినా మొక్కలు నాటడానికి నిధి దొరుకుతుంది, రిబ్బన్ కత్తిరించడానికి మనిషి దొరుకుతాడు, పూడిక తీయడానికి మాత్రం ఏ పద్దులోనూ పైసా ఉండదు. గుట్ట కింద మట్టి ఆపడానికి కట్టిన చెరువు సగం నిండినప్పుడే తోడాలి. నిండా మట్టి చేరాక దాన్ని చెరువు అనడం మర్యాద కోసమే, బురద నీళ్లు ఆగకుండా వాగులోకి పోతుంటాయి.

కాబట్టి ప్రారంభోత్సవం చేసినవాళ్ల పేర్లతో పాటు ఆ బోర్డు మీద ఇంకో పేరు రాయించండి: ఈ సంవత్సరం వానకు ముందు ఈ కాలువలు తోడాల్సిన మనిషిది. ఫోన్ నంబర్‌తో సహా. ముందైతే ఆ పూడికలో పెరిగిన మొక్కను పీకించండి, శాతం ఒక్క పాయింటు తగ్గితే తగ్గింది.