టవరుంది.. బొమ్మేదీ?

సెట్‌టాప్ బాక్సు అక్కర్లేదు, డిష్ అక్కర్లేదు, డేటా అసలే అక్కర్లేదు, టీవీ నేరుగా ఫోన్లోకే వస్తుందంటున్నారు. డీ2ఎం (డైరెక్ట్ టు మొబైల్) అనే ఈ ప్రసారాల ప్రయోగాలకు 2024 జనవరిలో కేంద్రం చెప్పిన లెక్క 19 నగరాలు. మళ్లీ నగరాలే! 2016 ఫిబ్రవరిలో దూరదర్శన్ డిజిటల్ టెరెస్ట్రియల్ ప్రసారాలు, అంటే నేల మీది టవర్ల నుంచి ఇంటి యాంటెనాకు వచ్చేవి, మొదలుపెట్టిందీ 16 నగరాల్లోనే. ఆ పదహారింటిలో హైదరాబాద్ లేదు, విజయవాడ లేదు, విశాఖ లేదు. మెట్రోలు, పది లక్షలు దాటిన నగరాలు, ఆ తర్వాత మిగతా దేశం అంటూ టెలికం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో మూడు దశలు గీసి, 2023 ఆఖరుకల్లా అంతా పూర్తి కావాలంది. మూడో దశ ఊళ్లకు డిజిటల్ రాలేదు సరికదా, ఉన్న పాత తరహా అనలాగ్ ప్రసారం కూడా పోయింది. కీలక ప్రాంతాల్లోని యాభై దాకా మినహా అనలాగ్ టీవీ ట్రాన్స్‌మిటర్లన్నింటికీ 2022 మార్చి 31నే గడువుగా పెట్టి మూసేశారు. మూసేటప్పుడు ఊరూవాడా తేడా లేదు, తెరిచేటప్పుడు మాత్రం నగరాలే.

మూతపడ్డ వాటిలోని చిన్న ట్రాన్స్‌మిటర్లు ఎందుకు పుట్టాయో పాలకులు ఒకసారి గుర్తు చేసుకోవాలి. పది కిలోవాట్ల పెద్ద కేంద్రం ఎంత ఎత్తున ఉన్నా కొండ వెనక ఊరికి దాని సిగ్నల్ అందదు. అందుకే 100 నుంచి 500 వాట్ల లో పవర్ కేంద్రాలు, లోయల్లో అయితే పది, యాభై వాట్లవీ పెట్టారు. ఒక గది, ఒక డిష్, ఒక టవరు. ఉపగ్రహం నుంచి దిగిన ప్రసారాన్ని చుట్టుపక్కల పాతిక కిలోమీటర్ల లోపు తిరిగి వదలడమే వాటి పని. ఒక్క చానెలే వచ్చేది, అదీ చుక్కలు చుక్కలుగా. అయినా వెదురు బొంగుకు అల్యూమినియం యాంటెనా కట్టుకుంటే చాలు, బొమ్మా వచ్చేది, మాటా వినిపించేది.

అనలాగ్‌కు కాలం చెల్లింది, విడిభాగాలు దొరకడం లేదు, కరెంటు దండగ, ఎలాగూ నెలవారీ చందా లేని దూరదర్శన్ ఉపగ్రహ సేవ ఫ్రీ డిష్ ఉంది కదా అన్నది అధికారుల వాదన. అనలాగ్ ఆపినందుకు ఎవరికీ పేచీ లేదు. దాని చోట డిజిటల్ పెట్టకపోవడమే అన్యాయం.

ఫ్రీ డిష్ అంటే ఏమిటో ఇంటి కప్పు ఎక్కి చూడాలి. దాని ప్రసారాలు పంపే ఉపగ్రహం జీశాట్-15 ఉండేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. హైదరాబాద్ దగ్గరైతే డిష్‌ను ఉత్తరం నుంచి కుడిగా 138 డిగ్రీలు తిప్పి ఆగ్నేయానికి నిలపాలి, చూపు 63 డిగ్రీలు పైకి ఉండాలి. సిగ్నల్‌ను ఏటవాలుగా పట్టే ఆఫ్‌సెట్ రకం డిష్ కాబట్టి కంటికి అంత ఎత్తినట్టు కనపడదు, కొత్తవాళ్లు పొరబడేది అక్కడే. అరవై సెంటీమీటర్ల డిష్ రెండు మూడు డిగ్రీలు పక్కకు జరిగితే బొమ్మ పోతుంది. పాత అల్యూమినియం యాంటెనా పది డిగ్రీలు తిరిగినా బొమ్మ నిలిచేది. ఉపగ్రహం వాడేది వానకు తేలిగ్గా బలహీనపడే కేయూ బ్యాండ్ తరంగాలు కాబట్టి జోరువాన పట్టినప్పుడు సిగ్నల్ పడిపోతుంది. డిష్ ముందు సిగ్నల్ పట్టే ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్‌కు టేపు సరిగ్గా చుట్టకపోతే కేబుల్లోకి నీరు దిగి రాగి తీగ పచ్చబడుతుంది. ఒక ఈదురుగాలికి చెదిరిన డిష్‌ను మళ్లీ సరిచేసే మెకానిక్ ఏజెన్సీ గూడేనికి ఎప్పుడొస్తాడు? మారుమూల, గిరిజన ప్రాంతాలకు 8 లక్షలకు పైగా ఫ్రీ డిష్ బాక్సులు పంచుతామని, ఆకాశవాణి, దూరదర్శన్ సదుపాయాల కోసం 2023లో కేంద్రం ఆమోదించిన బైండ్ పథకంలో ఉంది. పంచాల్సిందే. కానీ బాక్సు చేతికిస్తే ప్రసారం ఇచ్చినట్టు కాదు.

మనది తుపానుల తీరం. హుద్‌హుద్ నాడు విశాఖలో కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి. వాతావరణ హెచ్చరిక ఇంటికి చేరాల్సిన వేళ, కప్పు మీద డిష్ నిలిచి ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు? దగ్గర్లో జనరేటర్‌తో నడిచే టవరుంటే చిన్న యాంటెనాతో బొమ్మ పట్టుకోవచ్చు.

చేయలేని పనా అంటే, కాదు. చిన్న కేంద్రంలో టవరు, గది, కరెంటు లైను ముందే సమకూర్చుకున్నవి. వాటికి తోడు కావాల్సింది ఉపగ్రహ రిసీవరు, దాన్ని టవరు ప్రసారానికి తగ్గట్టు మార్చే డీవీబీ-టీ2 (డిజిటల్ టెరెస్ట్రియల్ ప్రమాణం) మాడ్యులేటరు, వంద వాట్ల డిజిటల్ ట్రాన్స్‌మిటరు, ఫిల్టరు. తక్కువ ఫ్రీక్వెన్సీ (వీహెచ్‌ఎఫ్) కోసం పెట్టిన పాత యాంటెనా పనికిరాదు కాబట్టి పైన ఎక్కువ ఫ్రీక్వెన్సీ (యూహెచ్‌ఎఫ్) ప్యానెళ్లు, కిందివరకూ కొత్త ఫీడర్ కేబులు వేయాలి. ఏడెనిమిది మెగాహెర్ట్జ్ తరంగాల వెడల్పులో అనలాగ్ ఒక్క చానెలే మోసేది, దాదాపు అంతే వెడల్పులో దూరదర్శన్ నగరాలకు అయిదు చానెళ్లు ఇచ్చింది. జీపీఎస్ సమయంతో కేంద్రాలన్నింటినీ ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిపితే అదనపు తరంగాలూ అక్కర్లేదు. ఇళ్లలో మాత్రం ఇబ్బంది ఉంది. డీవీబీ-టీ2 ట్యూనర్ లేని టీవీకి డిజిటల్ సిగ్నల్ అందినా బొమ్మ రాదు, వేరే బాక్సు పెట్టాలి. టీవీలోనే ఉపగ్రహ ట్యూనర్ ఉండేలా 2022లో ప్రమాణం తెచ్చిన భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్‌కు టెరెస్ట్రియల్ ట్యూనర్ తప్పనిసరి చేయాలని ప్రభుత్వం చెప్పలేకపోయిందా?

బ్రిటన్‌లో 2012 నాటికి అనలాగ్ ఆపేటప్పుడు వెయ్యికి పైగా చిన్న రిలే కేంద్రాలనూ డిజిటల్‌కు మార్చారు. పెద్ద కేంద్రాలకు ఆరు మల్టీప్లెక్సులు (ఒకే ఫ్రీక్వెన్సీలో వచ్చే చానెళ్ల కట్టలు), చిన్నవాటికి మూడే ఇచ్చారు. చానెళ్లు తక్కువ వస్తున్నాయని అక్కడి వాళ్లు నొచ్చుకుంటున్నారు. ఇక్కడ ఒక్కటీ రాదు.

రేపటి భయం ఇంకొకటి ఉంది. ప్రత్యామ్నాయం చేతికివ్వకుండా ప్రజల ప్రసారాన్ని ఆపేయవచ్చని టీవీతో రుజువైంది. ఇప్పుడు ఆకాశవాణి మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లూ ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. 2023 ఏప్రిల్‌లో ప్రారంభించిన 91 ఎఫ్ఎం కేంద్రాలు ఒక్కోటి వంద వాట్లవి. జిల్లాలు దాటి వినిపించే మీడియం వేవ్‌కు అవి ఎలా సాటి వస్తాయి? అక్కడా మూసేటప్పుడు అందరికీ, తెరిచేటప్పుడు కొందరికే.

ప్రసార భారతి మూసేసిన ప్రతి చిన్న కేంద్రం పేరు, దాని కింద ఎన్ని ఊళ్లుండేవి, వాటికి బదులుగా ఏమిచ్చారు అన్న వివరం మండలాల వారీగా బయటపెట్టాలి. ఫోన్లకు టీవీ పంపే ప్రసారాలకూ కావాల్సింది టవర్లే. ఆ టవర్లు కొండల మధ్య తుప్పు పడుతుంటే, మరో 19 నగరాల జాబితా పట్టుకుని రావడానికి ఈ పెద్దలకు మనసెలా ఒప్పింది?